ఐరిష్ భాషను వెండితెర ఎక్కించిన బాబ్ క్విన్

ఐర్లండు పేరెత్తితే మన తెలుగువాళ్ళకి ముందుగా తట్టేది వరాహగిరి వెంకటగిరి గారు. 1913లో న్యాయశాస్త్రం చదువుకోవడానికి డబ్లిన్ వెళ్ళిన ఆ యువకుడు అక్కడి స్వాతంత్ర్య పోరాటం వైపు మొగ్గి, ఈస్టర్ తిరుగుబాటు జరిగిన 1916లోనే దేశం విడిచి పొమ్మన్న ఉత్తరువు అందుకుని ఇంటికి తిరిగొచ్చారు. 1969లో మన రాష్ట్రపతి అయ్యారు. ఇంకొందరికి మదనపల్లె గుర్తుకు రావచ్చు. 1919లో రవీంద్రనాథ్ ఠాగూరు అక్కడి థియసాఫికల్ కాలేజీలో బస చేసినప్పుడు జనగణమనకి స్వరాలు రాసిపెట్టిన మార్గరెట్ కజిన్స్ ఐరిష్ ఆడపడుచే. కాలేజీ ప్రిన్సిపాలు జేమ్స్ కజిన్స్ ఆమె భర్త.

వాళ్ళ రాజకీయాలు మనకి కొంత తెలుసు, వాళ్ళ సాహిత్యం ఇంకొంచెం తెలుసు. సినిమా మాటకొచ్చేసరికి మాత్రం మనలో ఎక్కువమందికి హాలీవుడ్ దాకా, ఆస్కార్ల దాకా వెళ్ళిన జిమ్ షెరిడన్, నీల్ జోర్డాన్ దగ్గరే ఆగిపోతుంది. వాళ్ళు గొప్పవాళ్ళు కారని కాదు. కానీ నేను ఇక్కడ చెప్పబోయేది ఆస్కారు మెట్ల దరిదాపులకి కూడా రాని మనిషి గురించి. పేరు బాబ్ క్విన్. 1935లో డబ్లిన్‌లో పుట్టాడు. ఐరిష్ భాషలో మొట్టమొదటి పూర్తి నిడివి కథాచిత్రం తీసినవాడు ఆయనే. అది ఏ సంవత్సరం అనుకుంటున్నారు? 1978.

ఆ అంకె దగ్గర ఒక్క క్షణం ఆగండి. హెచ్.ఎం. రెడ్డి గారి ‘భక్త ప్రహ్లాద’ 1932లో విడుదలయింది. అప్పటినించీ మన భాష తెరమీద పాడుతూనే ఉంది, ఏడుస్తూనే ఉంది, పంచ్ డైలాగులు కొడుతూనే ఉంది. 1978 నాటికి మనకి వందలకొద్దీ సినిమాలు, సొంత స్టూడియోలు, సొంత తారలు, అభిమాన సంఘాలు, టికెట్ల కోసం కొట్లాటలు. అన్నీ ఉన్నాయి. మన భాషలో సినిమా ఉండడం అనేది గాలి ఉండడం లాంటిదని అనుకుంటూ పెరిగాం. ఐరిష్ భాష అలా కాదు. 1937 రాజ్యాంగం దాన్ని దేశానికి మొదటి అధికార భాష అని ప్రకటించింది. సినిమా హాల్లో మాత్రం దానికి కూర్చునేందుకు కుర్చీ లేదు.

ఒక భాష ఇంటినుంచి వెళ్ళిపోయిన కథ

ఎందుకలా జరిగిందో చెప్పాలంటే కొంచెం వెనక్కి వెళ్ళాలి. 1841లో ఐర్లండు జనాభా దాదాపు 82 లక్షలు. 1845లో బంగాళాదుంప పైరుకి తెగులు పట్టింది. బీదాబిక్కీకి ఉన్న ఒక్క తిండీ అదే. తరువాతి కొన్నేళ్ళలో సుమారు పది లక్షలమంది ఆకలితో, జ్వరాలతో చచ్చిపోయారు. ఇంకో పది లక్షలమంది ఓడలెక్కారు. 1851 లెక్కల్లో జనాభా 65 లక్షలకి పడిపోయింది. చనిపోయినవాళ్ళలోనూ, వెళ్ళిపోయినవాళ్ళలోనూ ఎక్కువమంది పడమటి తీరపు పేదలు, అంటే ఐరిష్ మాట్లాడేవాళ్ళు. మిగిలినవాళ్ళకి ఒక సంగతి బోధపడింది: అమెరికా వెళ్ళాలన్నా, ఇంగ్లండులో కూలి దొరకాలన్నా ఇంగ్లీషు రావాలి. తల్లిదండ్రులే పిల్లలతో ఇంట్లో ఐరిష్ మానేశారు. శత్రువు వచ్చి గొంతు నులిమి చంపాడు అనుకుంటే కథ సులువుగా ఉంటుంది. కానీ సగం పని ప్రేమతోనే, పిల్లల బాగు కోరే జరిగింది. ఈ సంచిక చదువుతున్నవారికి ఇంతకన్నా వివరించనక్కరలేదు.

1922లో స్వతంత్ర రాజ్యం ఏర్పడేనాటికి ఐరిష్ రోజువారీ మాటగా మిగిలింది పడమటి అంచున ఉన్న కొన్ని తునకల్లోనే. ఆ ప్రాంతాలని గేల్టాక్ట్ అంటారు. కొత్త ప్రభుత్వం భాషని బడిలో తప్పనిసరి చేసింది. పటం కట్టి గోడకి వేలాడదీసి దండ వేసింది. 2022 జనాభా లెక్కల్లో 18 లక్షలకు పైగా జనం తమకి ఐరిష్ వచ్చని రాయించుకున్నారు. బడి బయట రోజూ మాట్లాడేవాళ్ళు మాత్రం దాదాపు 72 వేలు. ఆ రెండు అంకెల మధ్య ఉన్న అగాధంలోనే బాబ్ క్విన్ పని చేసింది.

సినిమా ఐర్లండుకి తొందరగానే వచ్చింది. డబ్లిన్‌లో 1909లో వోల్టా అనే సినిమా హాలు తెరిచింది ఎవరో కాదు, జేమ్స్ జాయిస్. వ్యాపారం ఆయనకి అచ్చిరాలేదు, అది వేరే సంగతి. అయితే దశాబ్దాలపాటు ఐర్లండుని తీసింది బయటివాళ్ళు. 1934లో అమెరికన్ రాబర్ట్ ఫ్లాహర్టీ ‘మ్యాన్ ఆఫ్ ఆరన్’ తీశాడు. అందులో ద్వీపవాసులు పడవల్లో వెళ్ళి బల్లేలతో సొరచేపని వేటాడతారు. చూడడానికి అద్భుతం. నిజానికి ఆ వేట అప్పటికే ఎన్నో ఏళ్ళ కిందట మానేశారు. కెమెరా కోసం మళ్ళీ నేర్పించారు. తెరమీద భార్యాభర్తా కొడుకూ కూడా నిజం కుటుంబం కాదు. 1952లో జాన్ ఫోర్డ్ ‘ద క్వైట్ మ్యాన్’ వచ్చింది. పచ్చటి కొండలు, ఎర్రజుట్టు పిల్ల, తాగి తన్నుకునే సరదా జనం. అమెరికాలో ఐరిష్ మూలాలున్న మూడు కోట్లకు పైగా జనం తమ ఊరు అలాగే ఉంటుందని నమ్మడానికి ఆ సినిమా చాలావరకు కారణం. మార్చిలో ఆకుపచ్చ టోపీలు పెట్టుకుని ఊరేగే మన పక్కింటివాళ్ళని అడిగి చూడండి.

ఐరిష్ భాషలో అసలేమీ లేదని కాదు. ఫ్లాహర్టీ చేతే ప్రభుత్వం ఒక చిన్న కథాకాలక్షేపం చిత్రం తీయించింది. దాని ప్రతులు కాలిపోయాయనుకుంటే 2012లో హార్వర్డ్‌లో ఒకటి బయటపడింది. 1959లో జార్జి మారిసన్ పాత వార్తాచిత్రాల ముక్కలు అతికి స్వాతంత్ర్య పోరాటం మీద ‘మిషె ఏర’ అనే పెద్ద డాక్యుమెంటరీ చేశాడు. షాన్ ఓ రీయాడా సంగీతంతో దేశమంతా ఊగిపోయింది. కానీ అది చరిత్ర, స్తోత్రం. ఇద్దరు మనుషులు ఎదురుపడి ఐరిష్‌లో అప్పు అడగడం, అబద్ధం ఆడడం, బూతులు తిట్టుకోవడం తెరమీద ఎవరూ చూడలేదు.

టీవీ ఉద్యోగం, రాజీనామా

బాబ్ క్విన్ పుట్టుకతో గేల్టాక్ట్ మనిషి కాడు. డబ్లిన్ శివారులో, ఇంగ్లీషు మధ్య పెరిగాడు. 1961 డిసెంబరు 31 రాత్రి ఐరిష్ టెలివిజన్ ప్రసారాలు మొదలయ్యాయి. కొత్త సంస్థకి కుర్రాళ్ళు కావాలి. అలా చేరినవాళ్ళలో క్విన్ ఒకడు. అక్కడే పని నేర్చుకున్నాడు, డైరెక్టరయ్యాడు. ఆ సంస్థ ప్రభుత్వానిదే కానీ బతుకు సగం ప్రకటనల మీద. ఏ కార్యక్రమం ఉండాలో సబ్బులమ్మేవాడు నిర్ణయిస్తున్నాడని, దేశపు టెలివిజన్ దేశంతో మాట్లాడడం మానేసిందని లోపల ఉన్న కొందరికి కడుపు మండింది. 1969లో క్విన్ ఉద్యోగం వదిలేశాడు. జాక్ డౌలింగ్, లీలియా డూలన్ అనే మరో ఇద్దరు సహోద్యోగులు కూడా బయటికొచ్చారు. ముగ్గురూ కలిసి అదే ఏడాది ‘సిట్ డౌన్ అండ్ బి కౌంటెడ్’ అనే పుస్తకం అచ్చువేశారు. సంస్థ కడుపులో ఏం జరుగుతోందో విడమర్చి చెప్పిన పుస్తకం అది.

జీతం వదులుకున్న ప్రతివాడూ కళాకారుడు కాలేడు. క్విన్ విషయంలో తేడా ఏమిటంటే, ఆయన లండన్‌కో న్యూయార్క్‌కో పోకుండా ఎదురు దిక్కున నడిచాడు. కుటుంబంతో సహా కానమరా చేరాడు. అట్లాంటిక్ అంచున రాళ్ళు, బురదనేలలు, గాలి తప్ప ఏమీ లేని గేల్టాక్ట్ ప్రాంతం అది. కేరరో అని ఇంగ్లీషువాళ్ళు పిలిచే ఊళ్ళో కాపురం పెట్టి, భాషలో పడి ఈదాడు.

ఆయన వెళ్ళిన కాలం కూడా చూడాలి. 1969లోనే కానమరా కుర్రాళ్ళు పౌరహక్కుల ఉద్యమం మొదలుపెట్టారు. మా భాషలో రేడియో కావాలి, మా ఊళ్ళకి పని కావాలి అన్నది వాళ్ళ డిమాండు. 1970 ఈస్టర్‌కి రోస్ మక్ అనే ఊళ్ళో లైసెన్సు లేకుండా సొంతంగా ఒక దొంగ రేడియో నడిపారు. ప్రభుత్వం దిగొచ్చి 1972లో గేల్టాక్ట్ రేడియో ప్రారంభించింది. అర్జీలతో కాని పని ఒక చిన్న ట్రాన్స్‌మిటర్‌తో అయింది. క్విన్ ఆ గాలి పీల్చాడు.

1970ల మొదట్లో మిత్రులతో కలిసి ‘సినేగేల్’ అనే కంపెనీ పెట్టాడు. కంపెనీ అనగానే రామానాయుడు గారి స్టూడియో ఊహించుకోకండి. కొన్ని పరికరాలు, నలుగురు మనుషులు. దానితోపాటే కేరరోలో చిన్న సినిమా హాలు కూడా నడిపాడు. వాళ్ళబ్బాయి రాబర్ట్ క్విన్ ఆ హాల్లోనే సినిమాలు చూస్తూ పెరిగి తనూ దర్శకుడయ్యాడు. 2004లో ఆ రోజుల మీద ‘సినేగేల్ పారడీసో’ అని ఒక డాక్యుమెంటరీ తీశాడు. పేరులోనే ఇటాలియన్ సినిమా మీద కొంటె విసురు ఉంది.

చనిపోయిన భర్త, అమ్మని గుర్రం

సినేగేల్ నుంచి 1975లో వచ్చిన మొదటి పెద్ద చిత్రం ‘క్వీన ఆర్ట్ ఈ లీరె’. ఆర్ట్ ఓ లీరి కోసం శోకం అని అర్థం. మన పల్లెల్లో చావింట ఆడవాళ్ళు చనిపోయినవాళ్ళ గుణగణాలు చెప్పుకుంటూ శోకాలు తీస్తారు కదా, ఐర్లండులోనూ అచ్చం అలాంటి సంప్రదాయం ఉండేది. అందులో అన్నిటికన్నా ప్రసిద్ధమైనది ఐలీన్ దువ్ అనే స్త్రీ తన భర్త మీద చెప్పిన దీర్ఘ విలాపం.

అసలు జరిగినదిదీ. ఆర్ట్ ఓ లీరి ఆస్ట్రియా రాణి సైన్యంలో కాప్టెన్‌గా పనిచేసి ఇంటికొచ్చాడు. మంచి గుర్రం ఒకటి తెచ్చుకున్నాడు. ఆ రోజుల్లో ఇంగ్లీషు ప్రభుత్వ చట్టం ప్రకారం కాథలిక్కు అన్నవాడు అయిదు పౌన్ల కన్నా విలువైన గుర్రం ఉంచుకోకూడదు. ఎవరైనా ప్రొటెస్టెంటు వచ్చి అయిదు పౌన్లు చేతిలో పెడితే ఇచ్చెయ్యాలి. మోరిస్ అనే అధికారి అలాగే అడిగాడు. ఆర్ట్ ఇవ్వనన్నాడు. 1773 మేలో అతన్ని కాల్చి చంపారు. వయసు 26. గుర్రం ఒక్కటే రక్తం మరకలతో ఇల్లు చేరితే, ఐలీన్ దానిమీదే ఎక్కి భర్త శవం దగ్గరికి పోయిందని చెబుతారు.

ఇలాంటి కథ మన చేతిలో పడితే ఏం చేస్తాం? గుర్రాలు, కోటలు, ఇంటర్వెల్ బాంగు. క్విన్ దగ్గర అంత డబ్బులేదు, అంత భక్తి కూడా లేదు. ఆయన ఏం చేశాడంటే, 1970లనాటి గేల్టాక్ట్ కుర్రాళ్ళు కొందరు ఆర్ట్ కథని నాటకంగా వేయడానికి రిహార్సల్స్ చేస్తున్నట్టు పెట్టాడు. వాళ్ళకి దర్శకుడు ఒక ఇంగ్లీషాయన. ఆ వేషం వేసింది నిజంగానే ఇంగ్లీషు నాటకకర్త జాన్ ఆర్డెన్. ఆర్ట్ వేషధారి షాన్ బాన్ బ్రాహ్‌నాఖ్, తరువాత గేల్టాక్ట్ రేడియోలో ఆటల వ్యాఖ్యానంతో ఇంటింటా తెలిసిన గొంతు. రిహార్సల్లో దర్శకుడికీ నటుడికీ గొడవ మొదలవుతుంది. చూస్తూండగానే ఇంగ్లీషు అధికారికీ ఆర్ట్‌కీ నడుమ ఉన్న పాత పగ ఈ గొడవలోకి పాకుతుంది. 1773 ఎక్కడ ఆగిందో 1975 ఎక్కడ మొదలయిందో చెప్పలేం. కెమెరా పట్టినది జో కామర్‌ఫర్డ్, ఆయన కూడా తరువాత పేరున్న దర్శకుడయ్యాడు. డబ్బు పెట్టింది ఒక రాజకీయ పార్టీ, అఫీషియల్ షిన్ ఫేన్. పార్టీ సొమ్ముతో తీసినా ఆర్ట్‌ని మచ్చలేని వీరుడిగా చూపించలేదు. పొగరు, దుడుకుతనం అలాగే ఉంచాడు. నాకు ఈ చిత్రంలో నచ్చేది అదే.

సారా కాచే ముసలాడు

ఇక ‘పొచీన్’. 1978. పొచీన్ అంటే నాటుసారా. తెలంగాణలో గుడుంబా అంటాం కదా, దానికి చిన్నాన్న వరస. 1661 నుంచి చట్టవిరుద్ధం. 1997లో గాని లైసెన్సు తీసుకుని దేశంలో అమ్ముకోవడానికి అనుమతి రాలేదు. కొండ మలుపుల్లో, పోలీసుల కన్నుగప్పి కాచేవాళ్ళు. ఐరిష్ కళామండలి కొత్తగా పెట్టిన స్క్రిప్టు పురస్కారం మొట్టమొదట అందుకున్నది ఈ చిత్రమే. రచన కోల్మ్ బరేడ్, కెమెరా షేమస్ డీసీ. నిడివి 65 నిమిషాలు.

కథ చాలా చిన్నది. మీహిల్ అనే ముసలాడు ఎక్కడో దూరంగా ఒంటరి ఇంట్లో కూతురితో ఉంటూ సారా కాస్తాడు. దాన్ని ఊళ్ళో అమ్మిపెట్టడానికి ఇద్దరు ఏజెంట్లు. పనికిమాలిన వెధవలు. పోలీసులు సరుకు పట్టుకుంటారు. ఈ ఇద్దరూ దాన్ని తిరిగి కాజేసి, అమ్మి, ఆ డబ్బుతో తాగి తందనాలాడతారు. అంతటితో ఊరుకోక ముసలాడి ఇంటిమీద పడి, తండ్రినీ కూతుర్నీ బెదిరిస్తారు. ముసలాడు నోరెత్తడు. చివరికి ఉపాయంతో ఇద్దర్నీ చావుకి పంపిస్తాడు. పాటలేదు, ప్రేమలేదు, పశ్చాత్తాపం లేదు.

మీహిల్‌గా వేసింది సిరిల్ క్యూసాక్, ఆ కాలంలో ఐర్లండులో అంతకన్నా పెద్ద నటుడు లేడంటే అతిశయోక్తి కాదు. హాలీవుడ్‌లోనూ, బ్రిటన్‌లోనూ ఎన్నో చిత్రాల్లో వేసినవాడు. ఏజెంట్లుగా డోనల్ మెకాన్, నీల్ తోబీన్. తోబీన్ దేశమంతా నవ్వించిన హాస్యనటుడు. మెకాన్ తరువాత 1987లో జాన్ హ్యూస్టన్ ‘ద డెడ్’లో వేశాడు. ఇంత పెద్దవాళ్ళు ముగ్గురు ఒక చిన్న ఊళ్ళో, చిన్న బడ్జెట్‌లో, ఐరిష్ భాషలో నటించారు. చుట్టూ ఉన్న మిగతా ముఖాలు చాలావరకు ఊరి జనానివే.

ఇందులో ఒక దృశ్యం గురించి తప్పకుండా చెప్పాలి. తాగిన మత్తులో ఆ ఏజెంట్లు ఇంట్లో బంగాళాదుంపలు విసిరికొడతారు. మనకి అది అల్లరి. ఐరిష్ వాడికి అది అన్నం కుండని కాలితో తన్నడం. పది లక్షలమంది ఆ దుంప దొరక్క చచ్చిపోయిన దేశం. 1979 సెయింట్ పాట్రిక్ పండగనాడు టెలివిజన్ వాళ్ళు ఈ సినిమా ప్రసారం చేశారు. మన ఉగాది నాడు పంచాంగ శ్రవణం బదులు గుడుంబా బట్టీ కథ వేసినట్టు ఊహించుకోండి. పెద్ద గొడవ అయింది. గేల్టాక్ట్ జనాన్ని తాగుబోతులుగా, దొంగలుగా చూపించాడన్నారు. అసలే చావుబతుకుల్లో ఉన్న భాష, దాంట్లో మొట్టమొదటి సినిమా తీసే అదృష్టం వస్తే, ఇదా తీసేది అన్నారు.

ఆ కోపంలో న్యాయం లేదనలేం. నలుగురిలో మనవాళ్ళ గురించి చెడు చెప్పకూడదన్న పట్టింపు, చిన్న సమూహాలకి సహజంగా ఉంటుంది. ఇక్కడ మన సంఘాల్లో నాటకం వేస్తే కూడా ఎవరో ఒకరు లేచి, పిల్లలు చూస్తున్నారండీ మంచివే చూపించండి అంటారు. కానీ క్విన్ వైపునుంచి చూడండి. బయటివాళ్ళు యాభై ఏళ్ళుగా వాళ్ళని సొరచేపలు పట్టే వీరులుగానో, పచ్చికలో గెంతే అమాయకులుగానో చూపిస్తూ వచ్చారు. ప్రభుత్వం వాళ్ళని జాతి ఆత్మకి కాపలాదారులన్నది. ఆ రెండిట్లో ఎక్కడా మనిషి లేడు. స్వార్థం, భయం, దురాశ, పగ అన్నీ ఉన్న మనిషి తన భాషలో తెరమీద కనిపించిన రోజున ఆ భాష పటంలోంచి దిగి వీధిలోకి వచ్చినట్టు. నా మట్టుకు నాకు ‘పొచీన్’ చేసిన పని అది. దాని పక్కన సినిమాలోని చిన్న చిన్న లోపాలు, అక్కడక్కడా సాగదీత, లెక్కలోకి రావు.

కెల్టులమా, కాదా?

ఆ తరువాత ఆయన చేసినది మరీ విచిత్రమైన పని. కానమరాలో షాన్ నోస్ అనే పాతపద్ధతి పాట ఉంది. వాయిద్యం లేకుండా, తాళం లేకుండా, ఒక్కో పదాన్నీ గమకాలతో తిప్పుతూ ఒక్క గొంతు పాడుతుంది. వింటే మనకి ఆలాపన గుర్తొస్తుంది. యూరప్ సంగీతంలా మాత్రం ఉండదు. ఇది ఎక్కడిది అన్న ప్రశ్న క్విన్‌ని పట్టుకుంది. కెమెరా భుజానేసుకుని సముద్రం వెంట దక్షిణానికి, మొరాకో, ఈజిప్టు దాకా వెళ్ళాడు. ‘అట్లాంటియన్’ పేరుతో మూడు భాగాల డాక్యుమెంటరీ 1980ల మొదట్లో వచ్చింది; 1986లో అదే పేరుతో పుస్తకం; 1998లో ‘నవిగాషియో’ అనే నాలుగో భాగం.

ఆయన వాదన క్లుప్తంగా ఇదీ. ఐరిష్ వాళ్ళు మధ్య యూరప్ నుంచి నడిచొచ్చిన కెల్టులు అనేది పందొమ్మిదో శతాబ్దపు పండితులు కుట్టి తొడిగిన చొక్కా. పడవలున్న జనానికి సముద్రం గోడ కాదు, రహదారి. ఐర్లండు పడమటి తీరానికి స్పెయిన్, ఉత్తర ఆఫ్రికా తీరాలతో వేల ఏళ్ళ రాకపోకలున్నాయి. పాటలో, పడవ తెరచాపల్లో, రాతి చెక్కడాల్లో ఆ గుర్తులు వెతికాడు. ఆయన చెప్పిన వాటిలో కొన్ని గట్టి సంగతులు. ఉత్తర ఐర్లండులో ఇనుపయుగపు నవాన్ కోట తవ్వకాల్లో ఉత్తర ఆఫ్రికా కోతి పుర్రె ఒకటి దొరికింది. రెండువేల ఏళ్ళకి పైబడినది. 1631లో అల్జీర్స్ ఓడదొంగలు బాల్టిమోర్ అనే ఐరిష్ రేవుమీద పడి వందకు పైగా మనుషుల్ని బానిసలుగా ఎత్తుకుపోయారు. కొన్ని మాత్రం ఊహలే. రెండు పాటలు ఒకేలా వినిపించినంత మాత్రాన రెండు జాతులు చుట్టాలైపోవు. పండితులు పెదవి విరిచారు, అందులో ఆశ్చర్యం లేదు. అయితే ఆక్స్‌ఫర్డ్ పురావస్తు ఆచార్యుడు బారీ కన్లిఫ్ 2001లో అట్లాంటిక్ తీరప్రాంతాలన్నీ సముద్రం మీదుగా ఒకదానితో ఒకటి ముడిపడ్డాయని పెద్ద గ్రంథమే రాశాడు. క్విన్ జవాబులన్నీ నిలబడలేదేమో గాని, ప్రశ్న మాత్రం నిలబడింది. మనం ఎవరిమి అన్న ప్రశ్నకి స్వచ్ఛమైన రక్తం, ఒకే మూలం అనే జవాబు ఎంత తేలికగా దొరుకుతుందో, ఎంత ప్రమాదమో మనకి తెలియనిది కాదు. తన జాతి మిశ్రమం అని చెప్పుకోవడానికి గర్వపడిన జాతీయవాదిని చూడడం అరుదు.

ఫాదర్‌గారు తండ్రయితే

1987లో ‘బుడవానీ’. పాడ్రిక్ స్టాన్డూన్ అనే ఐరిష్ రచయిత నవల ఆధారం. ఆ రచయిత స్వయంగా కాథలిక్ ప్రీస్టు. పడమటి తీరానికి దూరంగా ఉన్న క్లేర్ ద్వీపంలో ఒక ప్రీస్టు, ఆయనకి వండిపెట్టే అమ్మాయి దగ్గరవుతారు. ఆమెకి నెల తప్పుతుంది. అతను పూజావేదిక ఎక్కి జనంతో ఆ మాట చెప్పేస్తాడు. ఇకనుంచి నన్ను ఫాదర్ అని నిజమైన అర్థంలోనే పిలవచ్చు అన్న ధోరణిలో. ప్రీస్టు వేషం మళ్ళీ డోనల్ మెకాన్‌దే. ద్వీపంలో జరిగే కథంతా నలుపు తెలుపుల్లో, మాటల్లేకుండా, పాత మూకీ సినిమాల్లోలాగా మధ్యమధ్య అక్షరాల కార్డులతో నడుస్తుంది. భాష కోసం జీవితం పెట్టిన మనిషి మాటలే లేని సినిమా తీయడం వింతే. కానీ ఎవరూ నోరు విప్పని ఊరు అది. మౌనమే అక్కడి భాష.

అప్పటికి ఐర్లండులో విడాకుల చట్టం లేదు, ప్రీస్టు మాటకి ఎదురులేదు. అయిదేళ్ళ తరువాత, 1992లో, గాల్వే బిషప్ ఈమన్ కేసీకి పదిహేడేళ్ళ కొడుకు ఉన్నాడని బయటపడి దేశం దిమ్మెరపోయింది. 1979లో పోప్ గాల్వే వచ్చినప్పుడు లక్షలమంది యువకుల ముందు వేదిక మీద వెలిగిన బిషప్ ఆయన. క్విన్ పాత కథని విస్తరించి 1994లో ‘ద బిషప్స్ స్టోరీ’గా మళ్ళీ తీశాడు.

డబ్బు సంగతి కూడా ఒక మాట చెప్పాలి. 1981లో ప్రభుత్వం ఫిల్మ్ బోర్డు పెట్టింది. మొదటి పెద్ద గ్రాంటు నీల్ జోర్డాన్ ‘ఏంజెల్’కి వెళ్ళింది. ఆ చిత్రానికి నిర్మాణ బాధ్యత చూసిన జాన్ బూర్మన్ బోర్డులోనూ ఉండడంతో స్వతంత్ర దర్శకులు భగ్గుమన్నారు. 1987లో ఖర్చు తగ్గించాలని బోర్డునే మూసేశారు. 1993లో మైకేల్ డి. హిగిన్స్ మంత్రిగా ఉండగా తిరిగి తెరిచారు. గాల్వే నుంచి గెలిచిన కవి ఆయన, 2011 నుంచి 2025 వరకు దేశాధ్యక్షుడు. ఆ హిగిన్స్ కాలంలోనే 1995లో క్విన్‌ని జాతీయ టెలివిజన్ పాలకమండలిలోకి తీసుకున్నారు. ఇరవయ్యారేళ్ళ కిందట రాజీనామా ఇచ్చి పోయిన సంస్థకే పెద్దమనిషిగా తిరిగి వెళ్ళాడన్నమాట. నాలుగేళ్ళు ఉన్నాడు. పసిపిల్లల కార్యక్రమాల మధ్య పిల్లలకే గురిపెట్టి ప్రకటనలు వెయ్యడం ఆపమని పోరాడి, ఓడి, 1999లో మళ్ళీ రాజీనామా చేశాడు. 2001లో ‘మావరిక్’ అని ఇంకో పుస్తకం రాశాడు. మొదటి రాజీనామాకీ రెండోదానికీ కారణం ఒకటే కావడం గమనించండి. మనిషి మారలేదు, సంస్థా మారలేదు.

మారింది ఇంకొకటి ఉంది. 1987లో రోస్ మక్ జనం పాత రేడియో పాఠాన్ని మళ్ళీ వల్లించి, ఈసారి దొంగ టెలివిజన్ కొద్దిరోజులు నడిపి చూపించారు. 1996 అక్టోబరు 31న ఐరిష్ భాషా టీవీ చానెల్ కానమరాలోనే మొదలయింది. ఇప్పుడు దాని పేరు టీజీ4. అక్కడ పనిచేయడానికి కుర్రాళ్ళు కావలసివచ్చారు. ఐరిష్‌లో స్క్రిప్టు రాసేవాళ్ళు, కెమెరా పట్టేవాళ్ళు, ఎడిట్ చేసేవాళ్ళు. ఒకప్పుడు ఉద్యోగం కోసం వదిలేసిన భాషే ఆ ఊళ్ళలో ఉద్యోగం ఇవ్వడం మొదలుపెట్టింది. 2022లో ‘ఆన్ కలీన్ క్యూన్’ అనే చిత్రం వచ్చింది. మాటపలుకు లేని ఒక చిన్నపిల్ల కథ. 2023 ఆస్కార్లలో అంతర్జాతీయ చిత్రాల విభాగంలో నామినేషన్ పొందిన మొదటి ఐరిష్ భాషా చిత్రం అదే. దాని దర్శకుడి పేరు కోల్మ్ బరేడ్. ‘పొచీన్’ రచయిత పేరూ అదే, మనిషి వేరు. ఈయన పుట్టింది 1981లో.

‘పొచీన్’ని తరువాత శుభ్రం చేసి, ‘రివర్‌డాన్స్’ సంగీత దర్శకుడు బిల్ వీలన్ చేత కొత్త నేపథ్య సంగీతం చేయించి మళ్ళీ విడుదల చేశారు. తిట్టిపోసిన దేశమే డబ్బు పెట్టి బాగుచేయించింది. ఇంగ్లీషు సబ్‌టైటిల్స్ ఉన్నాయి. ఎక్కడైనా దొరికితే, కింద అక్షరాలు చదవడం కాసేపు ఆపి, క్యూసాక్ ముఖం చూస్తూ ఆ భాష చప్పుడు వినండి.